పేరు రాసే రేడియో

నాకు అక్షరాలు వచ్చింది యాభై మూడో ఏట. ఎందుకు నేర్చుకున్నవని అడిగినోళ్ళకు ఒక్కొక్కలకు ఒక్కో జవాబు చెప్పిన. బస్సు బోర్డు చదువుకుందామని ఒకరికి, ముసలితనంల పేపర్ తోని పొద్దుపోతదని ఇంకొకరికి. అన్నీ అబద్ధాలే. నేను చదువు నేర్చుకున్నది కార్ల రేడియో కోసం. రేడియో వినుడుకు చదువెందుకు అంటరు. గదే రాస్తున్న. నాకు తిప్పి తిప్పి చెప్పుడు రాదు, వరుసగ చెప్తా.

ఆర్మూర్ల ఒక పసుపు కమీషన్ సేటు దగ్గర ఇరవై రెండేండ్లు కారు నడిపిన. పేరు వద్దు. ఆయన పోయిండు, పిల్లలున్నరు. కొలువుల పెట్టుకునేనాడు ఒక్క మాట అడిగిండు, చదువొచ్చునా అని. రాదు సేటూ, అంకెలు మాత్రం తెలుస్తయి, కిలోమీటర్ రాళ్ళు చూసి నేర్చుకున్న అని చెప్పిన. గా దినమే తాళంచెయ్యి నా చేతిల పెట్టిండు. ఉన్నదున్నట్టు చెప్పినందుకు మెచ్చిండనుకున్న.

అప్పటి కారు తెల్ల అంబాసిడర్. దాంట్ల ఉన్నది సూది రేడియో. అద్దం మీద అంకెలు, అంకెల నడుమ ఎర్ర సూది, కింద ఐదు బటన్లు. బటన్‌ను బయటికి గుంజి, గుండీ తిప్పి స్టేషన్ పట్టుకొని, మల్ల బటన్‌ను లోపలికి నొక్కితె గా స్టేషన్ దానికి ఖాయం. తర్వాత ఎప్పుడు ఒత్తినా సూది టక్కున ఉరికి గాడ్నే నిలుస్తుండె. పేరు గీరు ఏం లేదు. ఏ స్టేషనో రేడియో చెప్పది, మనమే తెలుసుకోవాలె.

నాకు తెలుస్తుండె. హైదరాబాద్ స్టేషన్‌ల మాట మొదలయ్యే ముందు జరంతసేపు మనిషి ఊపిరి వినపడుతుండె, గోడలకు దుప్పట్లు కట్టిన అర్రల కూసొని మాట్లాడినట్టు. మరాఠీ స్టేషన్ వెనుక ఎప్పుడూ సన్నటి ఈల ఉంటుండె. షోలాపూర్ కాడ వచ్చేది కరెంటు తీగల కిందికెల్లి పోయినప్పుడల్లా గొంతు పట్టినట్టయితుండె. సేటు భార్య గోళ్ళకు పెట్టుకునే ఎర్ర రంగు సీసల అడుగున మిగిలితే అడిగి తెచ్చుకొని, అద్దం మీద చుక్కలు పెట్టిన. హైదరాబాద్‌కు ఒక చుక్క, మరాఠీకి రెండు, షోలాపూర్‌కు మూడు. నా చదువు అప్పటికి గంతే.

సేటు ఏడాదికి నాలుగైదుసార్లు బేరం మీద మహారాష్ట్రల సాంగ్లీ పోతుండె. వెనుక సీట్ల పండుకునేటోడు. మెలకువ వచ్చినప్పుడల్లా కండ్లు తెరవకుంటనే ఎక్కడున్నం రా అని అడిగేటోడు. సాలూర కాడ మంజీర దాటినంక హైదరాబాద్ గొంతు నీళ్ళల్ల మునిగినట్టయితది. రెండు చుక్కలది పైకి తేలుతది. లాతూర్ దగ్గరపడ్డకొద్ది ఈల తగ్గుతది, మాట గట్టిపడుతది. నేను కిలోమీటర్ రాయి చూడకుంటనే చెప్తుంటి, ఇంక గంటల లాతూర్ సేటూ అని. ఎన్నడు తప్పు పోలేదు. సాంగ్లీల తన దోస్తుల ముందల సేటు చెప్పుకునేటోడు, మావోని చెవులల్ల నక్షా ఉన్నది అని. గా మాటకు నేను మస్తు సంబరపడుతుంటి. ఇప్పుడు తలుచుకుంటె నామీద నాకే అసయ్యమైతది.

కారు ముసలిదయింది. సేటు కొడుకు, అందరు చిన్న సేటు అనేటోళ్ళు, కొత్త కారు తెచ్చిండు. నిజామాబాద్ తీస్కపోయి దాంట్ల దుబాయ్‌కెల్లి వచ్చిన రేడియో పెట్టిచ్చిండు. సూది లేదు, అద్దం లేదు, తిప్పెటందుకు గుండీ లేదు. నల్లటి పట్టీ, దాని మీద పచ్చటి వెలుగు. బటన్ ఒత్తితె తనే స్టేషన్లు వెతుక్కుంటది, దొరికినకాడ ఆగుతది. ముందుగాల అంకె కనపడతది. రెండు మూడు క్షణాలు ఆగితె అంకె పోయి, దాని జాగల స్టేషన్ పేరు వస్తది.

రేడియో బిగించిన మెకానిక్ నాకు సమజ్ చేసి చెప్పిండు. స్టేషనోళ్ళు పాట తోని కలిపి తమ పేరు సుత పంపుతరట. అది మనిషి చెవికి వినపడదట, గీ డబ్బ ఒక్కదానికే తెలుస్తదట. ఎనిమిది అక్షరాలకంటె ఎక్కువ పట్టయట. అప్పటికి మన దిక్కు అది కొత్త, ఆర్మూర్ల అంకె తప్ప ఏం రాకుండె. హైదరాబాద్ పోతుంటె మేడ్చల్ వస్తుందనంగ పచ్చటి అక్షరాలు వెలుగుతుండె. వాపస్ వచ్చేటప్పుడు ముందుగాల పేరు పోతది, పాట ఇంకా శానసేపు వస్తనే ఉంటది. పాటకు బలం ఎక్కువ కాకా, పేరుకు తక్కువ అన్నడు మెకానిక్.

నాకు గా డబ్బ మొదటి దినంకెల్లే గిట్టలేదు. చుక్కలు పెట్టెటందుకు దానికి జాగనే లేదు. పైగ హైదరాబాద్‌ల కొత్తగ వచ్చిన స్టేషన్లన్ని ఒకటే తీరు మాట్లాడుతుండె. ఒకటే నవ్వు, అవే పాటలు, నడుమ ఊపిరి సుత తీసుకోరు. నా చెవులు ఏం చేస్తయి.

ఒకదినం తండ్రి కొడుకులను హైదరాబాద్ తీస్కపోతున్న. చిన్న సేటు నా పక్క సీట్ల, సేటు వెనుక. మేడ్చల్ దాటినంక చిన్న సేటు ఒక స్టేషన్ పేరు చెప్పి, గది పెట్టు కాకా అన్నడు. నేను బటన్ ఒత్తుకుంట పోయి, చెవి పెట్టి విని, ఒకకాడ ఆపి, గిదే అన్న. చిన్న సేటు డబ్బ దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు.

“పేరు ఎదురుంగ రాసి ఉంటె చెవులతోని చూస్తవేంది కాకా?”

నేను నవ్విన. ఇంకేం చెయ్యాలె. ఆయన నవ్వలేదు. వెనుకకు మర్లి, రేపు అన్ని బోర్డుల మీదనే నడుస్తది బాపూ, చదువొచ్చిన డ్రైవర్‌ను చూసుకుందాం అన్నడు. నేను ఆడ ఉండంగనే, నేను సీటు కవర్ అన్నట్టు. అద్దంల చూసిన. సేటు కిటికీకెల్లి బయటికి చూస్తున్నడు. ఊకున్నడంటె ఒప్పుకున్నట్టే అనుకున్న. అనుకున్నది తప్పు. గని అది తెలిసెటాల్లకు నా పని అయిపోయింది.

నాకు గుంట భూమి లేదు. వేరే పని రాదు. నా భార్య బీడీలు చేసి చేసి వేళ్ళు వంకర పోయినయి. యాభై రెండేండ్లోనికి ఎవడు కొత్తగ తాళంచెయ్యి ఇస్తడు. గా సీటు పోవద్దంటె నేను గా పచ్చటి అక్షరాలు చదువాలె. దినాం గిదే ఫికర్.

మా గల్లీ చివర్ల చిన్న చర్చి ఉండె. దాని అరుగు మీద మధ్యాహ్నం పూట ఒక టీచరమ్మ బీడీల ఆడోళ్ళకు అక్షరాలు చెప్తుండె. ఒళ్ళె చాట, చాటల తునికాకు, తంబాకు, ఎదురుంగ పలక. చేతులు బీడీ చుడుతుంటయి, నోరు అ ఆ చదువుతుంటది. సేటు అన్నం తిని ఒక గంట పండుకుంటడు. గా గంటల నేను పోయి అరుగు కొసకు కూసున్న. అందరు ఆడోళ్ళే, మొగోన్ని నేనొక్కన్నే. నా భార్య సుత వాళ్ళల్లనే ఉంటుండె, నన్ను ఎరుగనట్టు మొకం తిప్పుకుంటుండె.

వాళ్ళు ఊకుంటరా. కారు నడిపెటోనికి పలకెందుకు అన్నా, హారన్ కొడితె చాలదా అని ఒకామె. మీసాలకు సుద్ద అంటింది, ఉన్న తెలుపు చాలదా అని ఇంకొకామె. నేను తిట్టుకు తిట్టు తిడుతుంటి, రాసుడు ఆపకపోతుంటి.

టీచరమ్మ అడిగింది, ఏం చదువుదామని వచ్చినవ్ అన్నా అని. రేడియో అన్న. రేడియో వింటరు గని చదువుతరా అని నవ్వింది. నేను పలక మీద నాకు యాదికున్నట్టు గా ఆకారాలు గీసి చూపించిన. చూసి, ఇవి ఇంగ్లీషు అన్నది. తెలుగుల మాట్లాడే స్టేషన్ పేరు తెలుగుల రాయదా అన్న. రాయది అన్నా, ముందుగాల తెలుగు రానీ, ఇంగ్లీషువి ఇరవై ఆరే, అవి నేను చూసుకుంటా అన్నది. మాట మీద నిలబడ్డది. వానకాలం మొదలువెట్టినం. తెలుగు వచ్చెటాల్లకు ఎండకాలం. ఇంగ్లీషువి పెద్దక్షరాలు ఇంకో మూడు నెలలు.

చదివిన మొదటి దినం బాగ యాదికున్నది. సేటును హైదరాబాద్‌కెల్లి తీస్కరావాలని ఒక్కన్నే పోతున్న. పేరు వెలిగింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్న. నోట్లకెల్లి పేరు బయటికి రాంగనే బండి పక్కకు ఆపిన. వెనుకకెల్లి లారీవోడు హారన్ కొట్టి తిట్టిపోయిండు. అయినా మల్లొకసారి చదివిన. మల్లొకసారి. అంతకుమించిన సంతోషం నాకు మల్ల రాలేదు, అబద్ధం ఎందుకు.

సేటుకు చెప్పలేదు. చెప్పాలంటె మంచి మోఖా చూసి చెప్పాలె, చిన్న సేటు సుత ఉండాలె అనుకున్న. పిల్లగాడు మార్కులు దాచిపెట్టుకున్నట్టు దాచుకున్న.

ఇప్పుడు చిట్టీల సంగతి చెప్పాలె. పసుపు సీజన్‌ల రైతులు కొమ్ములు తెచ్చి కుప్పలు పోస్తరు, కొనెటోళ్ళు వచ్చి ఒక్కొక్క కుప్ప కాడ నిలబడి వేలం పాడుతరు. గా పాటకు ముందుగాల ఈ సేటుకెల్లి ఆ సేటుకు చిట్టీలు పోతుండె. ఫోన్లు వచ్చినంక సుత చిట్టీలు ఇడువలేదు. ఫోన్ల మాట పక్కోడు వింటడు, చిట్టీ చింపితె పోయింది అనేటోళ్ళు. రెండు మడతలు పెట్టి నా చేతిల ఇస్తుండె. అంటించకపోతుండె. చదువురాని మనిషి చేతిల ఇచ్చిన కాయితం అంటించే పనేమున్నది. ఇరవై రెండేండ్లు మోసిన. ఎవరి పెండ్లి సంగతో, లారీ సంగతో అనుకుంటుంటి. అసలు ఏమనుకోకపోతుంటి. అంగి జేబుల పెట్టుకొని పోయి ఇచ్చుడే.

గా సీజన్‌ల ఒకదినం పొద్దుగాల మెండోరకెల్లి నా బామ్మర్ది, నా భార్య తమ్ముడు, పసుపు తెచ్చిండు. మా సేటు దుకాన్లనే దించిండు. నేను దగ్గరుండి బస్తాలు దించిచ్చిన. కొమ్ము మంచిగ ఎర్రగ ఉడికింది, ఎండింది. గీసారి మంచి పాట వస్తది బావా అన్నడు. రావాలె అన్న.

జరసేపటికి సేటు నన్ను ఇంకో సేటు దగ్గరికి పంపిండు. ఆయన చిట్టీ ఇచ్చిండు. వచ్చి కార్ల కూసున్న. జేబులకెల్లి కాయితం తీసిన. దొంగబుద్ధితోని కాదు. చదువు కొత్త, ఏ కాయితం కనపడ్డా చదువాలనిపిస్తుండె, కిరాణంల పొట్లం కట్టిన కాయితం సుత ఇడువకపోతుంటి. మడత విప్పిన. రెండే వాక్యాలు. కూడబలుక్కుంట చదివిన.

మెండోర కుప్ప నీది. మేం ఎవ్వరం పాడం.

ఒట్టేసి చెప్తున్న, నాకు అర్థం కాలేదు. అక్షరాల మీదనే ధ్యాస. మెండోర అని చదువంగనే, మా అత్తగారూరు పేరు నేను చదివిన్నని ఖుష్ అయిన. దుకానుకు పోయిన. సేటు గద్దె మీదున్నడు, చిన్న సేటు పక్కకే ఉన్నడు. గిదే మోఖా అనుకున్న. చిట్టీ చేతికి ఇచ్చుకుంట చెప్పిన.

“సేటూ, మెండోర కుప్ప మీకేనట. ఇంకెవ్వరు పాడరట.”

చిన్న సేటు తల ఎత్తి చూసిండు. సేటు చిట్టీ తెరవలేదు. మెల్లగ నవ్వి, చదువొచ్చిందారా నీకు అన్నడు. వచ్చింది సేటూ, రేడియో పేరు సుత చదువుతున్న అన్న. ఎన్నడు నేర్చుకున్నవ్, ఎవరు నేర్పిండ్రు అని అన్నీ అడిగిండు. చాయ్ తెప్పించిండు. తన పక్కకు కూసోవెట్టుకొని ఇప్పించిండు, ఎన్నడు లేనిది. ఇంకెవరికన్న ఎరుకనా అన్నడు. గల్లీల ఆడోళ్ళకు తప్ప ఎవరికి లేదు సేటూ అన్న. మంచిది అన్నడు. చిట్టీ ముక్కలు ముక్కలు చేసిండు. దినాం చెత్త డబ్బల పడేసేటోడు, గా దినం ముక్కలు అంగి జేబుల పెట్టుకున్నడు. గదొక్కటి నాకు కొత్తగ కనపడ్డది.

పాట మొదలయింది. నేను దుకాను కాడ నిలబడి చూసిన. కొనెటోళ్ళు ఒక్కొక్కలు బామ్మర్ది కుప్ప కాడికి వస్తున్నరు. కొమ్ము తీస్తున్నరు, విరుస్తున్నరు, వాసన చూస్తున్నరు, కుప్ప మీద పడేసి ముందుకు పోతున్నరు. బామ్మర్ది కుప్ప పక్కకు కూసొని వచ్చినోనికల్లా దండం పెడుతున్నడు, చూడు సేటూ, లోపటి కొమ్ము చూడు అంటున్నడు. ఒక్కడు నోరు తెరవలేదు. ఆఖరికి మా సేటు వచ్చి, తనకు ఇష్టమొచ్చిన రేటు చెప్పిండు. బామ్మర్ది కుప్ప దిక్కు చూసిండు, తను చేసిన తప్పు దాంట్ల ఏడ్నో ఉన్నట్టు.

గట్ల నేను ఇరవై రెండేండ్లు చూసిన. కొమ్ము విరిచి పడేసి పోతుంటె, సరుకు బాగలేదేమో అనుకుంటుంటి. గా దినం చిట్టీ అర్థమయింది. పాట నడుస్తుండంగనే అర్థమయింది, అయిపోయినంక కాదు. నాలుగడుగులు వేసి పోయి చెవుల చెప్తె, బస్తాలు ఎత్తుకొని పోతుండె. నేను చెప్పలేదు. సీటు పోతదని చెప్పలేదు. చదువొచ్చింది, ఇంక చిన్న సేటు నన్ను తీసేయడని గా పొద్దే ధైర్యం వచ్చి ఉండె. గా ధైర్యం పోగొట్టుకోబుద్ధి కాలేదు.

తెల్లారి పోతె సేటు తాళంచెయ్యి అడిగిండు. కారు బయటికి తీయాల్నా సేటూ అన్న. వద్దు, అది గిటియ్యి, నువ్వు ఇంటికాడ ఉండు, ముసలోనివయినవ్ అన్నడు. నిన్న చాయ్ తాగించిన మనిషి. నాకు సమజ్ కాలేదు. చదువు రాదనే గద చిన్న సేటు తీసేద్దామన్నది, ఇప్పుడొచ్చింది గద అన్న. సేటు నా చేతిలకెల్లి తాళంచెయ్యి తీసుకున్నడు. కోపం లేదు. ఆయన గొంతుల అంత మెత్తదనం నేను ఎన్నడు వినలేదు.

“చదువు రాదనే గదరా నిన్ను పెట్టుకున్న.”

నా చెవులు చూసి కాదా సేటూ అన్న. బుద్ధిలేక అన్న. చెవులు అందరికుంటయిరా అన్నడు.

చిన్న సేటు గద్దె మీదనే ఉన్నడు. ఏదో కాయితం చూసుకుంట కూసున్నడు. తల ఎత్తలేదు.

నాలుగు దినాలు ఇంట్ల పండుకున్న. అయిదో దినం బస్సెక్కి మెండోర పోయిన. బామ్మర్దికి అంతా చెప్పిన. చిట్టీల ఏమున్నదో, ఎన్నేండ్లు మోసిన్నో, ఒక్కటి దాచలేదు. నన్ను తిడుతడనుకున్న, సేటును తిడుతడనుకున్న. వాకిట్ల నేల దిక్కు చూసుకుంట విన్నడు. అంతా అయినంక ఒకటే అడిగిండు.

“పాట కాకముందే చదివినవ్ గద బావా. అప్పుడెందుకు చెప్పలేదు?”

ఆయన భార్యతోని, బావకు చాయ్ పెట్టు అని చెప్పి తను పొలం దిక్కు పోయిండు. చాయ్ తాగి వచ్చిన. మల్లేడు సుత ఆయన గదే దుకాన్ల కుప్ప పోసిండు. ఇంకేడికి పోతడు, మిగిలిన దుకాన్లకు సుత చిట్టీలు పోతయి. మా ఇంటికి మాత్రం రాలేదు. నా భార్య, ఆయన అక్క, చచ్చినప్పుడు వచ్చిండు, మట్టి వేసి పోయిండు.

చదువొచ్చిన డ్రైవర్‌ను పెడ్దామన్న చిన్న సేటు ఎవరిని పెట్టిండనుకున్నరు. బిహార్‌కెల్లి వచ్చిన మనిషిని. తెలుగు మాట్లాడరాదు, చదువరాదు, ఇంగ్లీషు అసలే లేదు. బోర్డుల సంగతి చిన్న సేటుకు మల్ల యాదికి రాలేదు.

రెండేండ్ల తర్వాత ఒకదినం ఆర్మూర్ పక్కకే పెర్కిట్ల చాయ్ హోటల్ ముందల గా కారు ఆగింది. గప్పటికి మన దిక్కు సుత పేర్లు పంపే స్టేషన్ ఒకటి వచ్చి ఉండె. నేను బల్ల మీద కూసున్న. డ్రైవర్ దిగిండు, ముప్పై ముప్పై రెండేండ్లుంటయి. నేను గా కారు ఎన్కట నడిపిన్నని ఎవరో చెప్పినట్టున్నరు. వచ్చి దండం పెట్టిండు. చాచా, జర చూడుండ్రి అని హిందీల అడిగి నన్ను కారు కాడికి తీస్కపోయిండు. రేడియో నడుస్తుంది. పచ్చటి అక్షరాలు వెలుగుతున్నయి. దినాం చూస్తున్న చాచా, ఇది ఏం రాస్తదో ఎవరు చెప్తలేరు, మీకు వచ్చునా, నాకు సుత నేర్పుతరా అన్నడు.

పేరు నాకు సాఫ్ కనపడుతుంది. కూడబలుక్కునే పని సుత లేదు. ఆయన అంగి జేబుల రెండు మడతలు పెట్టిన కాయితం సుత కనపడుతుంది, కొస బయటికి ఉన్నది.

నాకు రాదు అన్న. నాకు సుత చదువు రాదు బేటా అన్న.

ఆయన నవ్విండు. మనసు తేలికయినట్టు నవ్విండు. నా చాయ్ పైసలు సుత తనే ఇచ్చి పోయిండు. అప్పుడు నేను పెద్ద మేలు చేసిన్ననుకున్న. వానికి పెండ్లాం పిల్లలుంటరు, ఎక్కడినుంచో వచ్చిండు, నేర్చుకుంటె సీటు పోతది, వాని సీటు నేను కాపాడిన అనుకున్న. శాన దినాలు గదే చెప్పుకున్న. అక్షరాలు వచ్చి ఇరవై ఏండ్లు అయితుంది, ఇప్పుడు రాసుకుంట కూసుంటె తెలుస్తుంది. నేను కాపాడింది సేటు చిట్టీని.